నేను చూసుకుంటాను

“ఫోన్ల కంపెనీలు పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తున్నాయి. ఎవర్ని కదిపినా ఏటికేడు రెట్టింపవుతామనే అంటారు. మీ ఫోనులో ఏముందట?” అన్నాడు పెట్టుబడిదారుల్లో కళ్ళజోడాయన, ఆవులింత ఆపుకుంటూ.

కంపెనీ యజమాని నవ్వు తెచ్చిపెట్టుకున్నాడు. మూడు నెలలుగా పద్నాలుగు మంది జీతాల్లేకుండా అతని మొహం చూసి పనిచేస్తున్నారు. ఈ ముగ్గురూ ఇవాళ తల ఊపకపోతే రేపు ఆఫీసుకి తాళమే.

“మనిషి పడిపోతే మా ఫోను పసిగట్టి ఇంట్లోవాళ్ళకి కబురు పెడుతుందండీ. మా అక్కకి మూర్ఛ. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. తన కోసమే ఇది మొదలుపెట్టాను. మొదటి ఫోను తన దగ్గరే ఉంది.”

“కబురందినా ఎవరూ పలక్కపోతే?”

“రెండు నిమిషాలు చూసి అంబులెన్సుని పిలుస్తుంది. ఈలోగా మనం ‘నేను చూసుకుంటాను’ అని నొక్కితే ఇక ఎవర్నీ పిలవదు.”

చెబుతూనే ఓరకంట గడియారం చూశాడు. పదకొండుంబావుకి ఇంజనీరమ్మాయి కింది అంతస్తులో ఒక ఫోను పడెయ్యాలి. గోడ మీది తెరపై ‘టెస్టు ఫోను’ అని కనబడితే ఏం బాగుంటుందని, దానికీ అక్క పేరే పెట్టించాడు. పొద్దున అక్క ఫోను చేస్తే, “ఇప్పుడు చంపకక్కా, సాయంత్రం మాట్లాడతా” అని విసుక్కున్నాడు కూడా.

పావు దాటింది. మరో మూడు నిమిషాలు గడిచాయి. అతను మళ్ళీ గడియారం చూశాడు.

అప్పుడు తెర ఎర్రబడి గంట మోగింది. ‘అక్క పడిపోయింది. కదలిక లేదు.’

అతనికి ప్రాణం లేచొచ్చింది. పెట్టుబడిదారులు కుర్చీల్లో ముందుకి జరిగారు. వాళ్ళ గుండెలు దడదడలాడేదాకా గంటని మోగనిచ్చి, తాపీగా ‘నేను చూసుకుంటాను’ నొక్కాడు. గంట ఆగిపోయింది.

“ఒళ్ళు జలదరించిందయ్యా! మేం పెట్టుబడి పెడుతున్నాం,” అన్నాడు కళ్ళజోడాయన.

కాయితాలు, సంతకాలు, కరచాలనాలు అయ్యేసరికి గంట గడిచింది. వాళ్ళని సాగనంపి వెనక్కి తిరిగితే, మెట్లెక్కి ఆయాసపడుతూ ఇంజనీరమ్మాయి ఎదురొచ్చింది. కళ్ళు ఏడ్చినట్టు ఎర్రగా ఉన్నాయి.

“కాస్త ఆలస్యమైనా అదరగొట్టావమ్మా! మనం గట్టెక్కాం!”

ఆమె అయోమయంగా చూసింది.

“సార్, పదింబావు నుంచీ లిఫ్టులోనే ఇరుక్కుపోయానండీ. సిగ్నలు కూడా లేదు. ఇప్పుడే తలుపు విరగ్గొట్టి బయటికి లాగారు.”

చేతిలో ఉన్న ఫోను అతనికి అందించింది.

“నేనింకా పడెయ్యలేదు సార్.”