కెమెరా పక్కన మనిషి

గాలిలోకి ఎగిరి తన్నబోయిన మేంగ్ ఇన్‌సుక్ గురి తప్పి మట్టిలో బోర్లా పడింది.

"కట్! మళ్లీ!" అరిచాడు దర్శకుడు కూ.

సియోల్ శివార్లలో పాత కోటగోడ. ఎముకలు కొరికే చలి. పొద్దుటి నుంచీ అదే తన్ను, అదే మాట, అదే మట్టి. ఇన్‌సుక్ మోకాలు బూరెలా వాచింది.

అయినా ఆమె చిరాకంతా కెమెరా పక్కన నిలబడ్డ మనిషి మీదే.

యాభై ఏళ్లుంటాయి. మెడకు శాలువా చుట్టుకుంది. ఇన్‌సుక్ డైలాగు మొదలుపెడితే చాలు, ఆవిడ పెదవులూ కదులుతున్నాయి.

"మా నాన్నను చంపిన చెయ్యి ఏది? చూపించు!"

ఆవిడ పెదవులూ అదే అన్నాయి, చప్పుడు లేకుండా.

ఇన్‌సుక్‌కు ఒళ్లు మండిపోయింది. విసవిసా వెళ్లి ఎదురుగా నిలబడింది.

"ఏటమ్మా, నన్నెక్కిరిస్తన్నావా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"మరేటి కావాల? పొటోయా? సంతకమా?"

మళ్లీ అడ్డంగా ఊపింది. ఇన్‌సుక్ చెయ్యి రెండు చేతులా పట్టుకుని, ముఖంలోకి తేరిపార చూసి నవ్వింది.

"అడుగుతుంటే పలకవేటి? నోట్లో నాలుక లేదా? ఎవుర్రా అక్కడ, ఈవిణ్ణి బయటికి అంపేయండి!"

ఆవిడ నడుం దాకా వంగి, ఎవరూ తరమకముందే వెళ్లిపోయింది.

తర్వాతి టేకు ఓకే అయింది.

"పీడ వదిలింది," అంది ఇన్‌సుక్.

చలికాలం పోయాక సినిమా చూసుకుందామని సియోల్ సినిమా వాళ్ల వీధి చుంగ్‌మురోలోని డబ్బింగ్ హాలుకు వెళ్లింది.

ఆ రోజుల్లో తెర మీద తన్నేదీ ఏడ్చేదీ నటులు. మాటలు మాత్రం డబ్బింగ్ వాళ్లవి. బుసాన్ రేవులో చేపల అంగళ్ల మధ్య పెరిగిన ఇన్‌సుక్ యాస పనికిరాదని మొదటి సినిమాకే తేల్చేశారు. తనకు మాట్లాడేది ఎవరో ఆమె ఏనాడూ అడగలేదు. ఆ ఊసెత్తితేనే చిరాకు. కాళ్లు విరగ్గొట్టుకునేది తను. వీధిలో జనం అడిగేదేమో, "అక్కా, సినిమాలో గొంతు ఏదీ?" అని.

తెర మీద ఇన్‌సుక్ గాలిలోకి లేచింది. మాట మాత్రం సన్నగా, పేలవంగా వచ్చింది.

"ఇదేటి? ఎవరిదీ పిల్లి గొంతు? నా గొంతేదీ?"

హాలు చూసుకునే ముసలి నామ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ప్యో జంగ్‌నాన్ అని, మొదటి సినిమా నుంచీ ఆవిడేనమ్మా మీకు. గొంతులో పుండు లేచింది. ఆకులు రాలే కాలంలో ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది గానీ మాట పోయింది."

"అయ్యో, నాకొక్కమాట సెప్పలేదేటి? ఎల్లి సూసొద్దును కదా! ఇప్పుడెక్కడుంది?"

"రోగం తిరగబెట్టింది. పోయిన నెలే మట్టి చేసొచ్చాం."

ఇన్‌సుక్ తెర వైపు తిరిగింది.

"ఇన్నేళ్లూ ఎవరి కోసం మాట్లాడానో ఆ పిల్లను ఒక్కసారి దగ్గర్నుంచి చూడాలని, ఆ చలిలో మీ కోట షూటింగుకు వచ్చింది కదమ్మా," అన్నాడు నామ్. "మీరే ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని, ఎంతో ఆప్యాయంగా పలకరించారని పోయేదాకా అందరికీ సైగలు చేసి చెప్పుకుంది."