తలుపు వైపు కుర్చీ

"నా భార్య ఇక్కడికి వస్తోందా, లేదా? ఒక్క మాట చెప్పండి, పోతాను."

మేడ యజమాని, కౌన్సెలర్ అద్దెకుంటున్న గదిలోకి వస్తూనే అడిగాడు. తలుపు తట్టలేదు. తన మేడలో తన తలుపు తను తట్టడమేమిటని ఆయన ఉద్దేశం.

కౌన్సెలర్ కూర్చున్న చోటునుంచి కదలలేదు. "ఇక్కడికి ఎవరొస్తారో, ఎవరు రారో నేను ఎవరికీ చెప్పనండీ," అంది.

"ఊళ్ళోవాళ్ళకి చెప్పమన్నానా? మొగుణ్ణి నేను."

"మొగుడికి అసలే చెప్పను."

ఆయన రెండో కుర్చీలో ధబాలున కూర్చున్నాడు. అది వచ్చినవాళ్ళ కుర్చీ. తలుపు పక్కనే, తలుపు కనబడేలా ఉంటుంది. లేచి వెళ్ళిపోవాలనిపిస్తే ఎవరూ అడ్డుండకూడదని కౌన్సెలర్ అలా వేసింది. తను మాత్రం దూరంగా, కిటికీ మూలన కూర్చుంటుంది. దెబ్బలు తిన్నవాళ్ళు వస్తారు, నిద్రలో ఉలిక్కిపడేవాళ్ళు వస్తారు. తలుపు వెయ్యమంటారా, ఓరగా ఉంచమంటారా అని ముందే అడుగుతుంది. "ఇన్నాళ్ళు ఎందుకు భరించావు?" అని మాత్రం చచ్చినా అడగదు. గంటసేపు నోరు విప్పకుండా కూర్చుని వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళతోపాటు తనూ ఊరికే కూర్చునేది.

ఆ కుర్చీలో ఇంత గొంతేసుకుని అరిచినవాళ్ళు మాత్రం ఇదివరకు లేరు.

"ఈమధ్య నాకే ఎదురు చెబుతోంది," అన్నాడాయన. "మొన్న నలుగురిలో నా మాట కాదంది! ఇన్నేళ్ళ కాపురంలో ఏనాడూ నోరెత్తని మనిషి. ఎవరో నూరిపొయ్యకపోతే ఆ ధైర్యం ఎక్కణ్ణించొస్తుంది? ఇక్కడికి ఆడవాళ్ళు వచ్చిపోతున్నారని నాకు తెలీదనుకున్నారా?"

"ఆవిడనే అడగొచ్చు కదండీ."

"రోజూ అడుగుతున్నాను. లేదంటోంది. అది లేదంటే ఉన్నట్టే లెక్క. మీ నోటితో వినిపోదామని వచ్చాను. చెప్పకపోతే నెలాఖరుకి గది ఖాళీ చెయ్యండి."

కౌన్సెలర్ ఒకసారి పక్కగోడలోని తలుపు వైపు చూసింది. ఈ గది ఊరికే దొరికింది కాదు. పక్క టైలరు షాపులోంచి దీనికి లోపలి తలుపుంది. జాకెట్టు కుట్టించుకోవాలని ఇంట్లో చెప్పి బయల్దేరే ఆడవాళ్ళు ఆ దారినే వస్తారు. అందుకే బయట బోర్డు కూడా పెట్టలేదు. గది పోతే ఆ దారీ పోతుంది. వాళ్ళలో కొందరికి ఇల్లు కదలడానికి ఇంకో సాకు లేదు.

ఆయనకు కావలసిన ఆ ఒక్క మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"చెప్పనండీ. వచ్చిందనీ చెప్పను, రాలేదనీ చెప్పను."

"ఎంత పొగరు నీకు!" మీరు కాస్తా నువ్వయింది. "నా మేడలో ఉంటూ నాకే నీతులా?"

"పొగరే అనుకోండి. ఇవాళ మీకు చెబితే రేపు ఇంకొకాయన వస్తాడు. ఆయనకీ చెప్పాలి. ఆ తర్వాత ఇక్కడ ఎవరు నోరు విప్పుతారు? ఇక లేవండి. ఆ కుర్చీ మీకోసం వేసింది కాదు."

"మేడే నాది!"

"మేడ మీదే. కుర్చీ నాది."

తలుపు ధడాలున మూసి పోయాడు. ఆ వెంటనే లోపలి తలుపు తెరుచుకుంది. మెడలో టేపుతో టైలరమ్మ ఊడిపడింది. అంతా వినేసింది మహాతల్లి. మిషను ఎంత చప్పుడు చేసినా ఆమె చెవులు ఆమెవే.

"అయ్యో పిచ్చిదానా! ఆ మాటేదో మొహాన కొట్టి పంపించెయ్యకపోయావా? గది దక్కేది!"

"నావల్ల కాదక్కా."

"నీవల్ల కాకపోతే నేను చెబుతాను. అందరూ నా కళ్ళ ముందునుంచే కదా వచ్చేది?"

"చెప్పావంటే ఈ జన్మలో నీ గుమ్మం తొక్కను."

"అబ్బో! మొండితనానికి తక్కువేం లేదు," అని టైలరమ్మ మూతి తిప్పుకుంటూ వెళ్ళింది. అయినా ఎవరికీ చెప్పకుండా నోరు కుట్టేసుకుంది.

నెలాఖరున యజమాని గుమ్మంలో నిలబడి మరీ ఖాళీ చేయించాడు. "ఇప్పటికైనా చెబితే ఉండొచ్చు," అన్నాడు. కౌన్సెలర్ కుర్చీ ఎత్తుకుని ఆయన ముందునుంచే నడిచిపోయింది.

ఇంకెవరూ గది ఇవ్వలేదు. "ఆవిడ కాపురాలు కూలుస్తుంది" అని ఆయన ఊరంతా చాటేశాడు మరి. చివరికి రంగుల డబ్బాలు దాచే గోదాములో ఓ మూల దొరికింది. కిటికీ ఎంత తీసినా టర్పెంటైను వాసన పోదు. టైలరమ్మ షాపు మీదుగా వచ్చేవాళ్ళలో ఇద్దరు రావడం మానేశారు. వాళ్ళను తలుచుకుని కౌన్సెలర్ వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చాక మొహం కడుక్కుని, మళ్ళీ అడిగినా నా జవాబు అదే పో, అని గట్టిగా పైకే అనుకుంది.

కొన్నాళ్ళకి ఒకామె వచ్చింది. కౌన్సెలర్ ఆమెను ఎప్పుడూ చూడలేదు. తలుపు ఓరగా ఉంచమని, కుర్చీలో నిటారుగా, వీధి వైపు చూస్తూ కూర్చుంది. కౌన్సెలర్ తొందరపెట్టలేదు.

"ఎంత బెదిరించినా మీరు నోరు మెదపలేదట," అంది ఆమె చివరికి. "అలాంటి మనిషి దగ్గరైతే చెప్పుకోవచ్చనిపించింది."

"నెమ్మదిగా చెప్పండి. చెప్పాలనిపించిందే చెప్పండి."

"మిమ్మల్ని ఖాళీ చేయించింది మా ఆయనేనండీ, అక్కడికే పోతున్నావు కదూ అని ఆయన రోజూ నా ప్రాణం తియ్యబట్టే, మీలాంటి వాళ్ళు ఒకరున్నారని నాకు తెలిసింది."