ఆళ్లగడ్డ నుంచి అరవై నిమిషాలు

ఎనిమిదీ అయిదుకు బస్సు ఆళ్లగడ్డ బస్టాండు దాటింది. విజయభాస్కర్ చేతి గడియారం చూసుకున్నాడు. నంద్యాల చేరేలోగా ఇంకో యాభై సార్లు చూసుకుంటాడు, అది వేరే సంగతి.

కిటికీ పక్కన భార్య వాసవి కొంగు తలమీదికి లాక్కుని కళ్లు మూసుకుంది. రెండేళ్లుగా వారానికి మూడు రోజులు ఇదే బస్సు, ఇదే దారి. నంద్యాల పెద్దాసుపత్రిలో నాలుగు గంటలు డయాలసిస్ మిషను మీద పడుకోవాలి, మళ్లీ బస్సులో పడి ఇల్లు చేరాలి. వచ్చేటప్పటికి మనిషిలో మనిషి ఉండదు. మొన్న తిరుగు ప్రయాణంలో సీట్లోంచి జారి కింద పడిపోయింది కూడా. "ఇంక నావల్ల కాదు. ఇంట్లోనే పోతా, వదిలెయ్యి" అని ఏడ్చింది. కిరాణా కొట్లో ఎంత గడుసు బేరగాడినైనా దారికి తెచ్చే విజయభాస్కర్ ఆ సాయంత్రం కొట్టు మూసేసి ఆమె పక్కనే కూర్చున్నాడు.

అందుకే ఇవాళ్టి ప్రయాణం మీద ప్రాణాలన్నీ పెట్టుకున్నాడు. అరవై నిమిషాలు! వాసవి బతుకు ఆ అంకెకు అటో ఇటో తేలిపోవాలి. రెండేళ్లలో ఏనాడూ ఈ దారి గంటంపావుకు తక్కువ పట్టింది లేదు.

వెనక సీట్లో, దారికి ఎంతసేపు పడుతుందో కొలిచి పైకి రాసి పంపడానికి వచ్చిన సర్కారు ఆసుపత్రుల తరఫు మనిషి ప్రసన్నకుమారి మేడమ్ కూర్చుంది. ఆమె ఫోనులో సెకన్లు పరుగెడుతున్నాయి. "టైము సంగతి డ్రైవరు దగ్గర గానీ, కండక్టరు దగ్గర గానీ ఎత్తొద్దండీ. ఎత్తారంటే నేను దిగిపోతాను" అని ఎక్కకముందే ఖరాఖండిగా చెప్పింది. సరే, నోరు కట్టుకున్నాడు. కాళ్లు ఊరుకుంటాయా? మోకాళ్లు ఊగుతూనే ఉన్నాయి.

కండక్టరు రామేశ్వరమ్మ టికెట్లు కొడుతూ వచ్చింది. రెండేళ్లుగా చూస్తున్న మొహాలే.

"ఏందన్నా, అట్ల అల్లాడిపోతాండావు? అక్కకు ఈ పొద్దు బాగలేదా?"

"అదేం లేదమ్మా. నువ్వు నిదానంగా అందర్నీ ఎక్కించుకో. పాపం, ఎండలో నిలబడింటారు."

రామేశ్వరమ్మ అతని నుదుటి మీది చెమట చూసింది. మాటిమాటికీ గడియారం మీదికి పోతున్న చూపు చూసింది. అర్థమైనట్టు తలూపి ముందుకెళ్లింది.

నల్లగట్ల దగ్గర ఇరవై మంది ఆడవాళ్లు చెయ్యెత్తారు. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక అక్కడ గంపలు, సంచులు, సీటు కోసం కొట్లాట అన్నీ అయ్యేసరికి అయిదు నిమిషాలు హారతి కర్పూరం. ఇవాళ రామేశ్వరమ్మ మెట్టు మీద నిలబడి గొంతెత్తింది.

"బిరబిరా ఎక్కండమ్మా! లోపల పేషెంటు ఉండాది. కొట్లాట ఇంకో పొద్దు పెట్టుకుందురు గానీ!"

అంతే. గంపలు చేతులు మారాయి. నిమిషంలో అందరూ లోపలున్నారు. విజయభాస్కర్ లేచి నిలబడ్డాడు.

"ఆ పెద్దమ్మ ఏమన్నా మరిచిపోయిందేమో చూడమ్మా. మాకేం తొందర లేదు."

"నీ మొహమాటం పాడుగాను! పెండ్లాం పానం మీదికొచ్చినా నోరు తెరిచి అడగవు గదన్నా. రైట్, రైట్!"

వాసవి అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. "ఊరికే ఉండు. ఏమయ్యేదుంటే అది అవుతాది."

శిరివెళ్లలో డ్రైవరు మహేశ్ టీకి దిగుతాడు. పది నిమిషాలు. ఊళ్లో పెళ్లయినా చావయినా ఆ టీ తప్పదు. శిరివెళ్ల దగ్గర పడేకొద్దీ విజయభాస్కర్‌కు ఆ టీ తప్ప ఇంకో ఆలోచన లేదు. బస్సు ఆగింది. రామేశ్వరమ్మ ముందుకెళ్లి డ్రైవరు చెవిలో ఏదో చెప్పింది. మహేశ్ వెనక్కి తిరిగి వాసవిని చూశాడు.

"టీ యాడికి పోతాదిలే. నంద్యాలలో తాగుతా."

"తాగిరా అప్పా, నా కోసం మానుకుంటే ఎట్లా?" విజయభాస్కర్ బతిమాలాడు.

"ఎంత మంచోడో సూడు!" అని బస్సంతా జాలిపడింది. బస్సు కదిలింది.

అక్కణ్ణుంచి ఇక ఆ బస్సు బస్సు కాదు. అయ్యలూరు దగ్గర దిగాల్సినాయన "స్లో చెయ్, దుంకుతా" అన్నాడు. గేదెలు అడ్డమొస్తే ఇద్దరు దిగి తోలారు. నంద్యాల బస్టాండు మలుపులో మహేశ్ స్టీరింగు అటు తిప్పకుండా ఆసుపత్రి వైపు తిప్పాడు. బస్టాండు నుంచి ఆసుపత్రికి ఆటో కోసం వీళ్లు వచ్చినప్పుడల్లా పావుగంట కాచుకుంటారు మరి. ఎవరైనా అడ్డు చెబుతారేమోనని విజయభాస్కర్ బస్సంతా కలియజూశాడు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు కిక్కురుమనలేదు.

"ముందు ఆసుపత్రికే పోనీప్పా! మేము ఆన్నించి నడుస్తాం" అంది గంపల పెద్దమ్మ.

తొమ్మిదీ మూడుకు బస్సు ఆసుపత్రి గేటు ముందు ఆగింది. రామేశ్వరమ్మ వాసవిని భుజం పట్టుకుని దించింది. మొహం వెలిగిపోతోంది.

"సూసినావా అన్నా, ఎట్ల తెచ్చినామో! గంట గూడ పట్టలే."

విజయభాస్కర్ చేతులు జోడించాడు. బుగ్గల మీద నీళ్లు కారాయి. అది చూసి రామేశ్వరమ్మకూ కళ్లు చెమర్చాయి. కిటికీల్లోంచి చేతులూపుతూ బస్సు వెళ్లిపోయింది.

ప్రసన్నకుమారి మేడమ్ ఫోనులో గడియారం ఆపి, అతని మొహంలోకి చూడలేక తల దించుకుని, "యాభై ఎనిమిదండీ... గంట దాటి ఉంటే, మీ ఆళ్లగడ్డలోనే డయాలసిస్ మిషన్లు పెట్టమని రాసేదాన్ని" అంది.