టవర్ వైపు చూడలేదు

“ఎరుపు కాదు మాస్టారూ, నారింజ. మా విమానం తోక ఎప్పుడు కనపడుతుందా అని ఎదురుచూసి ఎదురుచూసి కళ్లు కాయలు కాసినదాన్ని, నాకు తెలీదా?” అందామె.

“ఎరుపే. పైనుంచి చూసినవాణ్ణి నేను. మీరు కింద కూర్చుని మైకులో ఊదరగొట్టేవారు, అంతే.”

కోపం వస్తే తన నోట ‘నువ్వు’ కాస్తా ‘మీరు’ అయిపోతుందని ఆయనకూ తెలుసు. తెలిసినా నాలుక మాట వినదు. ఆమె పైటచెంగు అడ్డుపెట్టుకుని నవ్వుకుంది.

వాళ్ల గొడవ వింటున్న ఫొటోగ్రాఫరమ్మాయి కెమెరా సర్దుకుంటూ తనూ నవ్వింది. ఆ పాత విమానాశ్రయాన్ని త్వరలో పడగొడతారు. ఊరి బయట కొత్తది తయారైంది. ఈలోగా ఇక్కడ పనిచేసినవాళ్లను పిలిచి, ఫొటోలు తీసి, వాళ్ల జ్ఞాపకాలతో కొత్త భవనంలో ఒక గోడ నింపుదామని అధికారులు అనుకున్నారు. ఆయన ఉద్యోగమంతా విమానాలకు రేడియోలో అనుమతులిచ్చే టవర్‌లోనే గడిచింది. అందరికీ టవర్ మాస్టారు. ఆమెది కింద హాల్లో, కొంగబొమ్మ విమానాల కంపెనీ కౌంటరు. గొంతు బాగుందని ఏ కంపెనీ విమానమొచ్చినా మైకు ఆమె చేతికే ఇచ్చేవాళ్లు. ఆమె మైకు మేడం అయిపోయింది.

“జెట్లు రాకముందు ఎలా ఉండేదండీ ఇక్కడ?” అడిగింది అమ్మాయి.

“రెండు పంకాల విమానాలు. ఇంజను అంటుకోగానే గుప్పున నీలం పొగ. ఎక్కేముందు పెట్టెలతోపాటు మనుషుల్ని కూడా తూకం వేసేవాళ్లు” అన్నాడాయన.

“ఆడవాళ్లను తూచేటప్పుడు ముల్లుకు చెయ్యి అడ్డం పెట్టేదాన్ని, ఎవరికీ కనపడకుండా.”

“పెట్టి, బరువు పైకి చదివేది. టవర్‌లో నాకు వినపడేది.”

“అబద్ధం” అందామె తాపీగా.

హాలు చూడ్డానికి చిన్నదే. ప్రయాణికులకు చెవుల్లో పెట్టుకోను దూదీ, చప్పరించను పిప్పరమెంట్లూ పళ్లెంలో పట్టుకుని తిరిగిన మూల అదిగో అని ఆమె చూపించింది. ఒక కంపెనీ వచ్చేదట, కౌంటరు బల్లకు తన విమానాల రంగు వేసేదట, విమానాలు నిండక చాప చుట్టేసేదట. బల్ల మీద పెచ్చు లేచినచోట పాత రంగులన్నీ పొరలు పొరలుగా కనపడుతున్నాయి. ఆయన ఆ పెచ్చును గోటితో గీకి చూశాడు. నారింజ కనపడింది. చప్పున చేయి జేబులో పెట్టుకున్నాడు.

ఇంతలో ఫోన్ మోగింది. ఆయన కూతురు.

“నాన్నా, ఇంకా విమానాల దగ్గరే ఉన్నారా? ఇంటినిండా చుట్టాలు. మైకు మేడాన్ని ఎండలో తిప్పకండి, పెందలాడే వచ్చేయండి.”

“వస్తున్నామమ్మా” అని పెట్టేశాడు. కానీ కాళ్లు బయటి తలుపువైపు పోలేదు. రన్‌వే కనపడే కిటికీ దగ్గరకు పోయాయి. ఆమె వెనకే వచ్చింది.

అడగదలుచుకున్నది అడగడానికి ఇక ఈ చోటు మిగలదు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

“మీ కంపెనీ మూతపడ్డప్పుడు మిమ్మల్నందర్నీ చివరి విమానంలో పంపేశారు చూడు. ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను. దిగి రావడానికి లేదు. నువ్వు ఈ కిటికీ పక్క తలుపులోంచే వెళ్లావు. మెట్లెక్కుతూ ఒక్కసారైనా టవర్ వైపు చూస్తావనుకున్నాను.”

“చూడలేదు.”

“అదే. ఎందుకని?”

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. “ఇన్నేళ్లూ ఇది మనసులో పెట్టుకున్నారా? అడగొచ్చుగా.”

“అడిగే వీలేదీ?”

“తొందరలో ఉన్నాను మాస్టారూ. కాక్‌పిట్‌కు అప్పట్లో తలుపెక్కడిది, ఒక తెర తప్ప. కెప్టెన్‌ను ముందే బతిమాలుకున్నాను. తన వెనకాల చిన్న సీట్లో కూర్చోబెట్టి, చెవులకు పెట్టుకునేది నాకూ ఒకటి ఇచ్చాడు. ఆలస్యమైతే మీ గొంతు వినపడదేమోనని పరుగెత్తాను.”

ఆయన కిటికీ వదిలి ఆమె వైపు తిరిగాడు.

“టేకాఫ్‌కు అనుమతి ఇచ్చారు. విమానం కదిలేలోపు మళ్లీ ఇచ్చారు. గాలి ఎటునుంచి వీస్తోందో అప్పటికే చెప్పారు, మళ్లీ చెప్పారు. ‘ఈ టవరాయన ఇవాళ మనల్ని పంపేలా లేడే’ అని కెప్టెన్ నవ్వాడు. నేను మాత్రం నవ్వలేదు.”

“ఇంకొక్క ముక్క మాట్లాడదామని” అన్నాడాయన మెల్లగా. “రూల్సులో అంతకుమించి మాటలు లేవు.”

“తెలుసు. నేనూ మైకు పట్టినదాన్నే కదా.”

ఆయన కళ్లజోడు తీసి, తుడవాల్సినదానికంటే ఎక్కువసేపే తుడిచాడు. రన్‌వే మీద మొలిచిన గడ్డి ఎండలో ఊగుతోంది. ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుంది.

“నారింజే” అన్నాడాయన. “ఇందాక చూశాను.”

“నేనూ చూశాను, మీరు చూడటం.”

ఫొటోగ్రాఫరమ్మాయి పిలిచింది. ఇద్దర్నీ టవర్ మెట్ల దగ్గర నిలబెట్టింది. దగ్గరగా జరగమంది. ఇంకా జరగమంది. బిడియపడుతూనే జరిగారు. క్లిక్‌మంది కెమెరా.

“మీలాంటి జంట దొరకడం నా అదృష్టమండీ” అందా అమ్మాయి పెన్ను తీస్తూ. “ఫొటో కింద రాసుకుంటాను, మీ పెళ్లెప్పుడయింది?”

“రేపు” అన్నారిద్దరూ ఒక్కసారే.