కొత్తిమీర లేని గిన్నె

గిన్నె బల్ల మీదికి రాకముందే అందులోని కొత్తిమీరనంతా చెంచాతో ఏరి పారేసింది ఫాయ్. ఆ గిన్నె తెచ్చి థవిన్ ముందు పెట్టింది. మిగతా ఆరుగురికీ ఖావ్ సోయ్ నూడుల్స్ పులుసు మామూలుగానే వచ్చింది, పైన పచ్చటి కొత్తిమీరతో.

అరుణీ చూసింది. తన భర్తకు కొత్తిమీర పడదని ఈ గైడు పిల్లకు ఎవరు చెప్పారు? తను చెప్పలేదు. ఆయన చెప్పే ప్రసక్తే లేదు. నిన్న పొద్దున చియాంగ్ మాయ్ స్టేషన్లో పేర్ల కాగితం పట్టుకుని నిలబడ్డ ఫాయ్‌ని చూసిన దగ్గర్నుంచీ ఆయనకు నోరే పెగలడం లేదు.

అసలీ ప్రయాణానికి ఆయన్ని బ్యాంకాక్ నుంచి లాక్కొచ్చింది అరుణీయే. హడావుడి లేకుండా, ఆగాలనిపించిన చోటల్లా ఆగుతూ, ఐదు రోజులు ఉత్తరాది ఊళ్ళు తిరగడం. థవిన్ లక్ష వంకలు పెట్టాడు. చలి పడదన్నాడు, మోకాళ్ళన్నాడు. నీటి పంపులు అమ్మే ఉద్యోగం ఆయన్ని నెలకు పది రోజులు దక్షిణాదిలో తిప్పుతుంది. ఉత్తరాన మాత్రం ఇంతవరకూ అడుగే పెట్టలేదట.

వ్యానులో అరుణీ పక్కన చలావ్ అనే ఆవిడ కూర్చునేది. పంతులమ్మగా రిటైరైన మనిషి, ఎవరి కాపరం సంగతైనా ఇట్టే పసిగట్టేస్తుంది. గుంపులో మగవాళ్ళందరినీ ఫాయ్ "బాబాయ్" అంటోందనీ, థవిన్‌ని మాత్రం ఏమనీ పిలవడం లేదనీ మొదట కనిపెట్టింది ఆవిడే.

"నీ వయసెంతమ్మా?" అని అరుణీ ఫాయ్‌ని తీయగా అడిగింది.

"ఇరవై నాలుగు పిన్నీ. మాది నాన్ పట్నం పక్కన పల్లె. ఎల్లుండి మధ్యాహ్నం అందరికీ భోజనం మా ఇంట్లోనే, మా అమ్మ వండుతుంది."

ఇరవై నాలుగు! యాభై దాటిన మొగుణ్ణి తలుచుకుంటే అరుణీకి ఒళ్ళు మండింది. ఆ రోజంతా కిటికీలోంచి వరి మళ్ళు వెళ్ళిపోతున్నా ఒక్కటీ ఆమె కంటికి ఆనలేదు.

మర్నాడు నాన్ బజారులో ఇంకో దెబ్బ తగిలింది. ఒక గంపలో బంగారు రంగు నారింజలు. ఏటా చలికాలంలో థవిన్ "దక్షిణాది నుంచి" తెచ్చే నారింజలు అచ్చం ఇవే. అమ్మే ముసలమ్మను అడిగితే, ఈ రంగు తమ కొండల చలికే తిరుగుతుందనీ, దక్షిణాన ఎవరు వేసినా ఆకుపచ్చగానే ఉండిపోతాయనీ గర్వంగా చెప్పింది. అరుణీ కాయను మళ్ళీ గంపలో పెట్టేసింది.

ఆ సాయంత్రం గుడిలో అందరూ గోడ మీద బొమ్మ ముందు చేరారు. ఒకతను ఒకామె చెవిలో ఏదో గుసగుసలాడుతున్న బొమ్మ. అందరూ ఫోటోలు తీసుకుంటుంటే అరుణీ వెనక్కి తిరిగింది. స్తంభం చాటున థవిన్, ఫాయ్ కూడా ఆ బొమ్మలో లాగే గుసగుసలాడుతున్నారు. ఆయన చేతులు జోడించి బతిమాలుతున్నాడు. ఫాయ్ తల అడ్డంగా ఊపింది.

"లేదు. రేపు మీరు ఇంటికి రావాల్సిందే" అన్న మాట మాత్రం వినబడింది.

"ఇంకేం, ఉత్తరాన చిన్నిల్లు పెట్టాడన్నమాట" అంది చలావ్. "ఏడవకు. పెళ్ళాం కోర్టుకెక్కితే ఉంచుకున్నది నోరెత్తలేదు. రిజిస్టరు కాయితం ఉంటే చాలు."

అరుణీ గుడి మెట్ల వైపు నడిచింది. పదహారేళ్ళ కిందట తన పెళ్ళికి తొమ్మిది మంది భిక్షువులు వచ్చారు. వీధి వీధంతా వచ్చి చేతుల మీద దీవెన నీళ్ళు పోసింది. ఆఫీసుకెళ్ళి సంతకాలు పెట్టడం మాత్రం రేపూ మాపూ అంటూ వాయిదా పడింది. దానికేం, ఎంతమందికి అలా జరగడం లేదు! అందరి ముందూ కట్టుకున్న పెళ్ళాం తను. ఆ ఇల్లు, ఆ పదహారేళ్ళు ఎవత్తెకో వదిలేసేది లేదని గట్టిగా అనుకుంది.

మర్నాడు ఫాయ్ వాళ్ళ ఇంటి ముందు వ్యాను ఆగింది. థవిన్ కడుపునొప్పంటూ సీట్లోంచి లేవలేదు. వీధి కుక్క మాత్రం తోకాడిస్తూ వచ్చి ఆయన కూర్చున్న వైపే నిలబడింది.

ఫాయ్ తల్లి బువాకేవ్ అందరికీ చాపలు పరిచి వడ్డించింది. తర్వాత వేరే గిన్నెలో పులుసు పోసి కూతురికిచ్చింది. అందులో కొత్తిమీర లేదు.

"నాన్నకి నేనిచ్చొస్తాలే అమ్మా" అంటూ ఫాయ్ వ్యాను వైపు నడిచింది.

అరుణీ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అయితే ఈ పిల్ల కాదు, దీని తల్లి! గుండె భగ్గుమంది. లేచి నిలబడింది.

"ఎన్నాళ్ళుగా సాగుతోంది ఈ భాగోతం? పదహారేళ్ళుగా ఆయనతో కాపరం చేస్తున్నదాన్ని నేను. నిన్ను కోర్టుకీడుస్తాను."

అందరూ తినడం ఆపేశారు. బువాకేవ్ కోప్పడలేదు. తడి చెయ్యి తుడుచుకుంది.

"కూర్చో చెల్లీ. నెలకి ఇరవై రోజులు బ్యాంకాక్‌లో పంపుల కంపెనీ పనంటే నేనూ నమ్మాను. పేర్ల కాగితంలో ఆయన పక్కన భార్య అని నీ పేరు చూసి పిల్ల ఫోన్ చేసేదాకా నాకూ తెలీదు. కోర్టుకి వెళ్దువుగాని, ముందు ఇది చూడు."

గోడ మీది పటాల్లోంచి ఒకటి దించి ఆమె చేతిలో పెట్టింది. ప్రభుత్వ ముద్ర ఉన్న పెళ్ళి రిజిస్టరు కాయితం. థవిన్ సంతకం, బువాకేవ్ సంతకం. తేదీ ఇరవై ఆరేళ్ళ కిందటిది.

చిన్నిల్లు ఉన్నది బ్యాంకాక్‌లో.