పొట్టేలు ప్రమిద

గోడలే వెలుగునిచ్చేలా చేసే రంగులు వచ్చాక ఊళ్లో ఏ ఇంట్లోనూ నీడన్నది లేకుండా పోయింది. మ్యూజియంలో పాత మట్టిబొమ్మలకు అతుకులు వేసే వకుళకు ఒక్క పొట్టేలు ప్రమిద మాత్రం అంతుపట్టలేదు. వీపు మీద నూనె గుంట, దాని ముందు మొహం కన్నా పెద్ద కొమ్ములు. ఇంత వికారంగా ఎందుకు చేశాడో ఆ మహానుభావుడు!

ఉండబట్టలేక దాని నకలు ఇంటికి తెచ్చి, గది గోడలన్నిటికీ దుప్పట్లు కట్టి, వత్తి వెలిగించింది.

ఎదుటి దుప్పటి మీద పెద్ద నల్ల పొట్టేలు లేచి తల ఊపింది.

"అమ్మో! దాని పక్కన ఇంకెవరో ఉన్నారే?" అంది కూతురు కిన్నెర.

"నువ్వేనే."

కిన్నెర చెయ్యెత్తింది. దుప్పటి మీది చెయ్యి పొట్టేలు మూతికి మేత అందించింది.

ఆ కొమ్ములు నీడ కోసమేనని బోధపడి, వకుళ నవ్వుకుంటూ దుప్పటి విప్పబోయింది.

"విప్పకమ్మా!" కిన్నెర ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అక్కడున్న నేను మాయమైపోతాను!"