ఎలా పడింది?

చెయ్యి విరిగింది. దానికి కోడ్ వేయడం తేలికే. ఎలా విరిగింది అన్న గడి దగ్గరే ఆమె వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి.

ఆస్పత్రుల నుంచి వచ్చే కేసు ఫైళ్లు చదివి, ప్రతి జబ్బుకీ, ప్రతి దెబ్బకీ కోడ్ వేయడం ఆ ఆఫీసు పని. దెబ్బ ఎలా తగిలిందన్నదానికి కూడా కోడ్ ఉంటుంది. జారిపడితే ఒకటి, కుక్క కరిస్తే ఒకటి, ఎవరైనా కొడితే ఇంకొకటి. కొట్టింది కట్టుకున్నవాడే అయితే దానికీ వేరే ఉంది. ఆ కోడ్ ఖాయమైందంటే ఆస్పత్రివాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి. జారిపడిన కోడ్ అయితే మందులిచ్చి ఇంటికి పంపేస్తారు.

ఫైల్లో పేరుండదు. పేషెంట్ల గుట్టు బయటపడకూడదని పేర్లు, చిరునామాలు చెరిపేసి, నంబరు మాత్రమే ఉంచుతారు.

ఈ నంబరు మనిషి మెట్ల మీంచి జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. వెనక్కి వెళ్లి చూస్తే, అంతకుముందు బాత్‌రూములో జారి పక్కటెముక. ఇంకా ముందు, తలుపు తగిలి దవడ. డాక్టర్లు మారారు. ఫైల్లో మాట మాత్రం మారలేదు: ‘...అని భర్త చెప్పారు.’

ఆవిడ ఏం చెప్పిందో ఎక్కడా లేదు.

ఫైలు నంబరు పట్టుకుని సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లింది. ఆఫీసంతా ఆయన్ని టకటక సార్ అంటారు. ‘టకటకా కానివ్వండమ్మా’ అననిదే ఆయనకి తెల్లారదు. ఫైలు మొదటి అక్షరం నుంచీ చదివే ఈమెకి ‘చాదస్తం’ అని పేరు పెట్టిందీ ఆయనే.

“సార్, ఒక ఫైలు. ఆవిడకి ఇది మూడోసారి...”

“డాక్టరేం రాశారు?”

“జారిపడిందని రాశారు. కానీ సార్...”

“జారిపడిందిగా! ఆ కోడ్ వేసెయ్. అయిపోయింది.”

“అది కాదు సార్, ఆవిడ...”

“ఆవిడతో మనకేం పనమ్మా? మనకి నంబరు చాలు. డాక్టరు రాసిందే వేదం. మనం ఊహించి కోడ్లేస్తే ఉద్యోగాలు ఊడతాయ్.”

అదీ నిజమే. రాయనిది ఊహించి వేయకూడదు. ఆ రూలు ఆమెకీ తెలుసు. తెలుసు కాబట్టే ఒళ్లు మండింది.

ఆయన అప్పటికే ఫోన్ అందుకున్నాడు. “వంట పెట్టుకోకు. నేను బయట్నుంచి తెచ్చేస్తాలే. నువ్వు పడుకో.”

పక్క సీట్లలో అమ్మాయిలు నిట్టూర్చారు. “సార్ వాళ్లావిడ పెట్టి పుట్టిందే!”

ఆమె సీట్లోకొచ్చి ఫైలు తెరిచింది. మూసింది. నీళ్లు తాగొచ్చి మళ్లీ తెరిచింది. వేరే ఫైలు చేద్దామంటే అందులోనూ ఆ విరిగిన చెయ్యే కనిపించింది.

ఇంటికెళ్లినా అదే తంతు. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే తల్లి ఊరుకోలేదు.

“ముద్ద దిగట్లేదేంటే?”

“ఒకావిడ పడిందమ్మా.”

“అయ్యో! ఎవరే?”

“తెలీదు. నంబరే.”

“పేరు కూడా తెలీని మనిషి కోసం పస్తుంటావా? బాగానే ఉంది నీ ఉద్యోగం!”

మర్నాడు మళ్లీ ఆయన ముందు నిలబడింది. అనుమానం వస్తే డాక్టరుకి ప్రశ్న పంపే వీలుంది. కాకపోతే ఫైలు ఆలస్యమవుతుంది కాబట్టి సూపర్‌వైజర్ ఒప్పుకోవాలి.

“ఒక్క ప్రశ్న సార్. ఒక్కటే. చదివి వినిపిస్తాను...”

“నీ చాదస్తం తగలెయ్య! వినిపించకు తల్లీ, పంపించెయ్. లేకపోతే నా ప్రాణం తోడేస్తావ్.”

పంపింది. ‘భర్తని బయట కూర్చోబెట్టి, ఎలా పడ్డారో ఆవిడనే అడగగలరా?’

కట్టు చూపించుకోవడానికి వచ్చినప్పుడు అడుగుతానని డాక్టరమ్మ జవాబిచ్చింది. అక్కణ్ణుంచి చాదస్తానికి కాలు ఒకచోట నిలవలేదు. ఆవిడ నోరు విప్పకపోతే? విప్పిందని ఇంట్లో తెలిస్తే? తన ప్రశ్న వల్లే ఇంకో దెబ్బ తగిలితే? ఎందుకు కెలికానా అని ఒక పూట, ఇంకా ముందే ఎందుకు అడగలేదా అని ఒక పూట తనని తనే తిట్టుకుంది.

జవాబు ఒక మధ్యాహ్నం వచ్చింది.

‘ఆయన్ని మందులకి పంపి అడిగాను. చాలాసేపు ఏడ్చారు. పడలేదు, భర్త తోశాడు. మిగతావీ అంతే. నోట్ సరిచేశాను, కోడ్ మార్చండి.’

ఆమెకి కళ్లు మసకబారాయి. తుడుచుకుని, పాత కోడ్ కొట్టేసి కొత్తది వేసింది. ఇక మిగిలింది సూపర్‌వైజర్ ఆమోదం.

టకటక సార్ ఆ ఉదయం సెలవు పెట్టి, అప్పుడే వచ్చాడు. ఎదుట స్క్రీన్ నిండా పేరుకుపోయిన ఫైళ్లు.

“కోడ్ మార్చాను సార్. ఒక్కసారి చూస్తే...”

“మళ్లీ నీదేనా? నిన్ను కట్టుకోబోయేవాణ్ణి తలుచుకుంటే జాలేస్తుందమ్మా!” అంటూ, చూడకుండానే ఆమోదం నొక్కేశాడు. నొక్కి, తర్వాతి ఫైలుకి వెళ్లిపోయాడు.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. ఇన్నాళ్లకి ఊపిరి తిన్నగా ఆడింది. ఆ నంబరు మనిషి ఇంటికి ఇక ఎవరో ఒకరు వెళ్తారు.

మర్నాడు పొద్దున్నే పోలీసు యూనిఫాంలో ఒకావిడ ఆఫీసులోకి వచ్చింది. వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు. అందరూ లేచి నిలబడ్డారు. టకటక సార్ నవ్వుతూ ఎదురెళ్లాడు.

“రండి మేడమ్, రండి. ఏదైనా ఫైలు కావాలా? ముందే చెబుతున్నా, మా దగ్గర పేర్లుండవండీ, అన్నీ నంబర్లే.”

“పేరు మీ ఆవిడే చెప్పింది, పదండి,” అందావిడ.